సభ్యత్వం ఒక్కటే, ఉత్తరాలు లెక్కలేనన్ని

అమెరికాలో వన్యప్రాణుల సంరక్షణ కోసం పనిచేసే ఒక సంస్థకు ఏటా 35 డాలర్లు చెల్లిస్తూ సభ్యుడిగా కొనసాగుతున్నాను. ఆ సంస్థ చేసే పని మీద నాకు గౌరవం ఉంది. ఇబ్బందల్లా వారు నా తపాలా పెట్టెను వదిలిపెట్టకపోవడమే. గడువు ముగియడానికి నెలల ముందే పునరుద్ధరణ నోటీసులు మొదలవుతాయి. డబ్బు అందిందని కృతజ్ఞత చెప్పే ఉత్తరంలోనే మరో విరాళానికి కవరు పెడతారు. ఆ తరువాత ‘ఆఖరి నోటీసు’ అని ఎర్రక్షరాలతో అచ్చువేసినవి వస్తాయి. కరెంటు బిల్లు ఎగ్గొట్టినవాడికి కూడా ఇన్ని తాఖీదులు రావు.

లోపల ఉండే సరంజామా మరీ విడ్డూరం: చిరునామా స్టిక్కర్లు, క్యాలెండర్లు, గ్రీటింగు కార్డులు, ఒక్కోసారి కాగితానికి అంటించిన ఐదు సెంట్ల నాణెం. అడగకుండా తపాలాలో వచ్చిన వస్తువును పైసా చెల్లించకుండా ఉంచుకోవచ్చని 1970 నాటి తపాలా చట్టం చెబుతోంది. అయినా ఒకరి సొమ్ము ఊరికే తీసుకున్నామన్న మొహమాటం మనచేత చెక్కు రాయిస్తుందని పంపేవారికి బాగా తెలుసు.

ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు పుణ్యమా అని వారి జాబితాలో నేను ఇద్దరినయ్యాను. అందుచేత ప్రతి ఉత్తరమూ రెండేసి వస్తుంది. అందులో ఒక పేరులో అక్షరం తప్పు పడింది. నేనెన్నడూ వినని సంస్థల నుంచి సరిగ్గా అదే తప్పుతో ఉత్తరాలు రావడం మొదలయ్యాక, నా చిరునామా ఎక్కడి నుంచి చేతులు మారిందో ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. దాతల జాబితాలను అద్దెకివ్వడం, ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ మామూలు వ్యవహారమే.

ఇందులో తపాలా ఖర్చు తక్కువేగా అనవచ్చు. లాభాపేక్ష లేని సంస్థలకు రాయితీ ధర ఉన్న మాట నిజమే కానీ, కాగితానికీ అచ్చుకీ ఆ రాయితీ లేదు. ఈ సంస్థలు పన్నుల శాఖకు ఏటా సమర్పించే 990 ఫారాన్ని ఎవరైనా చూడవచ్చు. విరాళాల సేకరణ ఖర్చుకు అందులో విడిగా ఒక గడి ఉంటుంది. అయితే ‘మీ సెనేటర్‌కు ఈ కార్డు పంపండి’ వంటి పిలుపు ఒకటి జతచేసి, మరికొన్ని షరతులు పాటిస్తే, అదే ఉత్తరం ఖర్చులో కొంత భాగాన్ని సేవా కార్యక్రమం కింద చూపడానికి లెక్కల నిబంధనలు ఒప్పుకుంటాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ, సంతకం చేసి పంపమంటూ వచ్చే ఆ పోస్టుకార్డుల మీద నాకు గురి పోయింది.

ఏడాదికి ఒక్క ఉత్తరం చాలునని, నా పేరు ఎవరికీ ఇవ్వవద్దని, రెండు నమోదుల్లో ఒకటి తీసివేయాలని వారికి రాశాను. ఇప్పటికే అచ్చుకు వెళ్లినవి మరికొన్ని వారాలు వస్తాయని జవాబిచ్చారు. ఆ వారాలు గడిచాక కూడా ఇదే తంతు సాగితే సభ్యత్వం మానుకుని, అదే మొత్తాన్ని దాత సలహా నిధి (మనం ముందుగా జమచేసిన విరాళాన్ని మనం సూచించిన సంస్థకు పంపే ఖాతా) ద్వారా, పేరూ చిరునామా తెలియనివ్వకుండా వారికే పంపుతాను.