మూత ఉందా, రంధ్రం ఉందా: నా మైకాలజీ వైవా అనుభవం

నిన్న మైకాలజీ (శిలీంధ్రశాస్త్రం) పరీక్ష రిజల్ట్ వచ్చింది. లిస్టులో నా నంబరు మూడుసార్లు చూసుకున్నాక గానీ మనసు కుదుటపడలేదు. రాతపరీక్ష, సిలబస్ మీకు తెలిసినవే. కిందటిసారి నన్ను ముంచింది వైవా, అందుకే దాని గురించి రాస్తున్నాను.

అప్పుడు నా ముందు పెట్టింది ఇది: రాలిన యాష్ చెట్టు ఆకు ఈనె మీద రెండు మూడు మిల్లీమీటర్ల తెల్లటి గిన్నెలు, కింద సన్నటి కాడ. పక్కనే మైక్రోస్కోపులో స్లైడు. గిన్నె కనబడగానే పెజిజేలిస్ (గిన్నె శిలీంధ్రాల ఒక క్రమం) అనేశాను. "ఆస్కస్ కొన చూశారా?" అన్నారు పరీక్షకులు. ఆస్కస్ అంటే బీజాలు ఉండే సన్నటి సంచి. అయొడిన్‌లో నీలమైంది కాబట్టి ఆ క్రమంలోని పెజిజానే అని వాదించాను కూడా. అంతే, మార్కులు పోయాయి.

ఆ గిన్నెలు నిజానికి హైమెనోసైఫస్‌వి. ఆ తర్వాత నెల రోజులు ఈ ఒక్క ప్రజాతితోనే కూర్చున్నాను. పెజిజేలిస్‌లో ఆస్కస్ కొనకు మూత ఉంటుంది. బీజాలు వెళ్లేటప్పుడు అది డబ్బా మూతలా తెరుచుకుంటుంది. హైమెనోసైఫస్‌కు మూత లేదు, కొనలో రంధ్రమే. అందుకే ఇది హెలోషియేలిస్ క్రమంలోకి, లియోషియోమైసిటీస్ తరగతిలోకి వెళ్తుంది. నీలం రెండింట్లోనూ వస్తుంది. పెజిజాలో కొన అంతా, ఇందులో లోపలి చిన్న ఉంగరం మాత్రమే. నేను బోల్తాపడింది సరిగ్గా ఇక్కడే.

పేర్ల గొడవ కూడా వరుసగా గుర్తుపెట్టుకోండి. యాష్ చెట్లను ఎండబెడుతున్న శిలీంధ్రం అలైంగిక దశకు 2006లో కలారా ఫ్రాక్సినియా అని పేరు పెట్టారు. 2009లో దాని లైంగిక దశ హైమెనోసైఫస్ ఆల్బిడస్ అన్నారు. కానీ ఆల్బిడస్ యూరప్‌లో ఎప్పటినుంచో ఉన్న, చెట్టుకు హాని చేయని జాతి. డీఎన్ఏ పోల్చి చూస్తే రెండూ వేరని తేలింది, సూడోఆల్బిడస్ అనే పేరు వచ్చింది. ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అన్న నియమం 2013లో అమల్లోకి రావడంతో, ఫ్రాక్సినియా అన్న పాత పదం గెలిచి 2014లో హైమెనోసైఫస్ ఫ్రాక్సినియస్ అయింది.

మిగతా యూనిట్లు పాత పేపర్లతో లాగించేశాను. ఒక్క ప్రజాతికి నెల రోజులా అని స్నేహితులు కోప్పడ్డారు. టెన్షన్ నాకూ ఉంది, అయినా అది వృథా అని ఇప్పటికీ ఒప్పుకోను. రోజూ పొద్దున్నే లేచి ఆస్కస్ బొమ్మ చూడకుండా గీసేదాన్ని. మీరూ గీయండి, చదివితే సరిపోదు.

ఈసారి వైవాలో రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టారు. కొనలు చూశాను, రెండూ ఒకేలా ఉన్నాయి. ఆస్కస్‌ల అడుగుకు ఫోకస్ దించాను. ఒకదాంట్లో కొక్కెంలా వంగిన క్రోజియర్ స్పష్టంగా ఉంది, రెండోదాంట్లో లేదు. "ఇది ఫ్రాక్సినియస్, అది ఆల్బిడస్" అన్నాను.