రెండు టవర్ల నడుమ ఒక కడ్డీ

ఈ దేశానికి వచ్చి వర్క్‌షాపులో చేరిన మొదటి సంవత్సరం నాకు పని భయం కంటే మాట భయమే ఎక్కువగా ఉండేది. చేతిలో పని ఉన్నవాడికి ఎక్కడైనా తొందరగానే చోటు దొరుకుతుంది. కాని కారు యజమాని ఎదుట నిలబడి, "ఇది మీ కారుకు ఇప్పుడు అక్కరలేదు" అని అతని భాషలో, అతని మనసు నొచ్చుకోకుండా, కారణాలతో సహా చెప్పగలగడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ మాట చెప్పడం నేను నేర్చుకున్నది స్ట్రట్ బ్రేస్ దగ్గర.

బానెట్ ఎత్తితే కొన్ని కార్లలో ఇంజను మీదుగా అడ్డంగా ఒక లోహపు కడ్డీ కనిపిస్తుంది, అదే స్ట్రట్ బ్రేస్. ముందు చక్రాల స్ట్రట్ల, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగాల, పైకొసలు బాడీకి ఎక్కడ బిగించి ఉంటాయో ఆ రెండు చోట్లను, అంటే స్ట్రట్ టవర్లను, అది కలుపుతుంది. మలుపులో వేగంగా తిరిగినప్పుడు చక్రాల నుంచి వచ్చే బలానికి ఆ టవర్లు వెంట్రుకవాసి కదిలినా చక్రం నిలువు కోణం, అంటే కాంబర్, ఆ మేరకు మారుతుంది, స్టీరింగ్ తిప్పిన దానికీ కారు స్పందించడానికీ మధ్య చిన్న జాప్యం వస్తుంది. ఆ కదలికను తగ్గించడమే కడ్డీ పని.

మొదటి సంవత్సరంలో ఒక వ్యక్తి ఇలాంటి కడ్డీ కొని తెచ్చి బిగించమన్నాడు. మలుపుల్లో కారు తూలుతోందని, ముందు భాగం వదులుగా ఉందని అతని ఫిర్యాదు. నేను మారుమాట లేకుండా బిగించి పంపాను. వారం తిరగకుండానే కారు మళ్ళీ వచ్చింది, తూలడం ఏమీ తగ్గలేదు. లిఫ్ట్ మీదికి ఎక్కించి చూస్తే చక్రాన్ని కింద బాడీకి కలిపే కింది ఆర్మ్‌కు వెనుక కీలులో ఉండే బుష్ రబ్బరు చీలిపోయి ఉంది. కడ్డీ బిగించే ముందే నేను అది చూడవలసింది. చూసి ఉంటే చెప్పవలసి వచ్చేది, చెప్పడానికి మాటలు లేవన్న జంకుతోనే చూడకుండా వదిలేశానేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా పెద్ద మెకానిక్ ఆ రోజు నన్ను మందలించలేదు. విడిభాగాలు వచ్చిన ఒక అట్టపెట్టె మూత తీసి నా ముందు పెట్టి, రెండు పక్క గోడల నడుమ ఒక చెక్క బద్ద అడ్డంగా అతికించాడు. గోడలను ఒకదానివైపు ఒకటి నొక్కమన్నాడు, అవి కదలలేదు. తరువాత రెండు గోడలనూ ఒకే పక్కకు తొయ్యమన్నాడు. బద్ద ఉన్నది ఉన్నట్టే ఉండగా పెట్టె మొత్తం పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు ఇంకో రెండు బద్దలు తీసుకొని ఒక్కొక్క గోడ నుంచి వెనుక గోడ మధ్యకు అతికించాడు, పెట్టె గట్టిపడింది. నాకు అర్థమయ్యే మాటలు పదో పన్నెండో వాడి ఉంటాడు, అంతే. రెండు టవర్లను మాత్రమే కలిపే కడ్డీ వాటి మధ్య దూరాన్ని కాపాడుతుంది తప్ప చట్రం ఒరగడాన్ని ఆపలేదనీ, ఇంజను గదికి వెనుకనున్న ఫైర్‌వాల్‌ను కూడా కలుపుకొని త్రిభుజం ఏర్పడితేనే ఆ పని జరుగుతుందనీ నాకు ఆ పెట్టె వల్ల తెలిసింది.

ఆ తరువాత చదువుకుంటే పాత కార్లలోనే ఈ తెలివి కనిపించింది. 1960లలో ఫోర్డ్ మస్టాంగ్‌కు టవర్ల నుంచి ఫైర్‌వాల్ పైభాగానికి రెండు విడి రేకు బ్రేసులు ఉండేవి. గతుకుల రోడ్లున్న పరాయి దేశాలకు పంపే కార్లకు మాత్రం వాటి బదులు ఒకే ముక్కగా చేసిన దృఢమైన బ్రేస్ వేసేవారు, అందుకే దానికి ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అనే పేరు నిలిచింది. మస్టాంగ్ ఆధారంగానే చేసిన 1965 షెల్బీ జీటీ 350లో దానితోపాటు రెండు టవర్లను కలిపే మాంటే కార్లో బార్ కూడా ఉండేది. పరాయి నేల మీద నడవబోయే బండికి ముందుగానే బలం కట్టి పంపారన్న సంగతి చదివినప్పుడు ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

నేటి కార్ల బాడీలు చాలా గట్టివి. బాడీని ఒక్క డిగ్రీ మెలితిప్పడానికే చాలా సెడాన్లలో 20,000 న్యూటన్ మీటర్లకు మించిన మెలితిప్పే బలం కావాలి కాబట్టి, అలాంటి కారులో పై కడ్డీ వల్ల కలిగే తేడా మామూలు రోడ్డు మీద చేతికి తెలియడం కష్టం. పైకప్పు లేని కార్లలోను, వయసు మళ్ళిన తేలికపాటి కార్లలోను అది బాగా తెలుస్తుంది. మరొక విషయం, చాలా కార్లలో ముందు చక్రాలకు వాడే మాక్‌ఫర్సన్ రకం స్ట్రట్ ఉన్న కారులో టైరు దగ్గర పుట్టే పక్క బలంలో పెద్ద వాటా కింది ఆర్మ్ ద్వారానే బాడీకి చేరుతుంది. అందువల్ల కింది ఆర్మ్‌లు బిగించిన చోట్లను కలిపే బ్రేస్, కంటికి కనపడకపోయినా, ఎక్కువ మేలు చేసే సందర్భాలు ఉన్నాయి. కడ్డీని ఇంజను మీదుగా విల్లులా వంచి చేస్తే బలం పడినప్పుడు అది ఇంకా వంగుతుంది. మెరిసే రంగు కన్నా తిన్నని గీతలో సాగే కడ్డీయే నాకు ముఖ్యం.

ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు టవర్ అంచుల్లో చేరి రేకును తినేస్తుంది. తుప్పు పట్టిన టవర్‌కు కడ్డీ బిగిస్తే చీలిక కప్పబడుతుంది, ఆగదు. అందుకే ఇప్పుడు నేను ముందుగా టవర్ల రేకును గీకి చూస్తాను, తరువాత బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైకొసను టవర్‌కు పట్టి ఉంచే పై మౌంట్లు, టైర్ల అరుగుదల చూస్తాను. అన్నీ బాగుంటేనే కారును సమతలం మీద నాలుగు చక్రాలపై నిలిపి కడ్డీ బిగిస్తాను. పై మౌంట్ చుట్టూ ఉన్న నట్లు మాత్రమే విప్పాలి. మధ్యలోని పెద్ద నట్టును ముట్టుకోకూడదు, స్ప్రింగ్ బలాన్ని పట్టి ఉంచేది అదే. పొడవు సర్దుకునే కడ్డీ అయితే వదులు పోయేవరకే తిప్పాలి, టవర్లను అటూ ఇటూ నెట్టేంతగా తిప్పకూడదు. బానెట్‌కూ కడ్డీకీ, ఊగే ఇంజనుకూ కడ్డీకీ మధ్య ఖాళీ చూసుకోవాలి.

ఈ మధ్య ఒక యువకుడు ఎంతో ఇష్టంగా కడ్డీ పట్టుకొని వచ్చాడు. కారును లిఫ్ట్ ఎక్కించి చీలిన బుష్‌లను టార్చ్ వెలుగులో అతనికే చూపించి, ముందు వీటి పని కానిద్దాం, కడ్డీ మీ దగ్గరే ఉంచండి అని చెప్పాను. మాట తడబడలేదు. అతను కాసేపు నిరుత్సాహపడినా ఒప్పుకున్నాడు. బుష్‌లు మార్చి, అలైన్‌మెంట్ చేసి పంపిన మూడు వారాలకు కడ్డీతో మళ్ళీ వచ్చాడు. టవర్లు గట్టిగా ఉన్నాయి. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచితో నట్లు బిగించి, 500 కిలోమీటర్లు నడిచాక బిగువు మరోసారి చూడాలి, రమ్మని చెప్పాను.