పనిరోజు రాత్రి కీమా టమాటా సాస్: 40 నిమిషాలకు దిగింది

పాస్తాలోకి చేసే ఈ సాస్ మొదట్లో గంటన్నర తినేసేది. ఒక్కో మార్పూ చేసుకుంటూ వస్తే ఇప్పుడు ఉల్లిపాయ తరగడం దగ్గర్నుంచి వడ్డన దాకా 40 నిమిషాల్లో అయిపోతోంది. రుచి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఉడికించే టైమ్ కోసేసి, వేయించడం మీద శ్రద్ధ పెట్టడమే అందుకు కారణం.

ముందే చెప్పేస్తాను, ఇది ఇటలీలోని బొలోన్యా నగరం వాళ్లు చేసే రగు అనే మాంసం సాస్ కాదు. ఇటలీ వంటల అకాడమీ 1982లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేయించి, 2023లో సవరించిన ఆ వంటలో పెత్తనమంతా మాంసానిదే. గంటల తరబడి సన్నసెగ మీద ఉండాలి. సెలవు రోజు పెట్టుకోవాల్సిన పని అది. నాది టమాటా ముందు, మాంసం వెనక.

నలుగురికి అర కిలో కీమా, 400 గ్రాముల టమాటా డబ్బాలు రెండు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు టేబుల్‌స్పూన్ల టమాటా పేస్ట్, ఆలివ్ నూనె. కాస్త ఎండు ఒరెగానో. అంతే.

అసలు కథ కీమా దగ్గరే ఉంది. పాన్‌లో పడగానే అది నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు ఇంకేదాకా పాన్ వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల పైమాటే కావాలి. అంటే నీళ్లలో తేలుతున్నంతసేపూ అది ఉడుకుతోందే తప్ప వేగడం లేదు. ఇందుకు రెండు పనులు చేస్తున్నాను. ఒకటి, కీమాకు పావు టీస్పూన్ వంట సోడా, ఒక టేబుల్‌స్పూన్ నీళ్లు కలిపి, ఉల్లిపాయ తరిగేలోపు పావుగంట పక్కన పెట్టడం. సోడా వల్ల మాంసం తన నీటిని అంత తేలిగ్గా వదలదు, రంగు కూడా త్వరగా వస్తుంది. రెండు, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా వెడల్పాటి పాన్ తీసి, బాగా కాగాక కీమాను అట్టులా పరిచి వదిలేయడం. గరిటె పెట్టి కెలకాలని చెయ్యి లాగుతుంది, ఆగాలి. బుడబుడ శబ్దం పోయి చిటపటలు మొదలైతే నీళ్లు ఇంకాయన్నమాట. నాలుగైదు నిమిషాలకు అడుగు ముదురు గోధుమ రంగుకు వస్తుంది. అప్పుడు తిరగేసి చిదపాలి. రెండో వైపు అంత వేగకపోయినా ఫర్వాలేదు.

కీమా పక్కకు తీసి, అదే పాన్‌లో ఉల్లిపాయ, ఉప్పు. ఉల్లిపాయ వదిలే తేమకే అడుగున అంటుకున్నదంతా ఊడొస్తుంది. వెల్లుల్లి పడ్డాక టమాటా పేస్ట్. దీన్ని నూనె తేలేదాకా వేయించాలి. ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది, అంచుల్లో నూనె నారింజ రంగులో మెరుస్తుంది. టమాటాకు రంగునిచ్చే లైకోపీన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఆ మెరుపు. రెండు నిమిషాల పని, కానీ ఇది ఎగ్గొడితే సాస్‌లో పచ్చి పులుపు తగులుతుంది.

డబ్బా టమాటాల్లో తొక్క తీసిన పూర్తి కాయలే కొంటున్నాను, చేత్తో చిదిపి వేస్తాను. ముక్కలు చేసి అమ్మేవాటిలో చాలావరకు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. ముక్క గట్టిగా నిలబడటానికి వేసేది అది. ఎంత ఉడికించినా కరగదు, మనకు కావాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. తాజా టమాటాలైతే సగానికి కోసి తురుము పీట మీద రుద్దితే గుజ్జు కిందపడి తొక్క చేతిలో మిగులుతుంది. కాకపోతే నీరు ఎక్కువ, ఇంకో పది నిమిషాలు కలుపుకోవాలి. ఇనుప, అల్యూమినియం పాన్లు దీనికి వద్దు. పులుపు తగిలి లోహపు రుచి వస్తుంది, స్టీలుదే నయం.

కీమా తిరిగి వేశాక మూత లేకుండా మధ్యస్థంగా మంట పెట్టి 12 నిమిషాలు. ఈలోపు పక్క పొయ్యి మీద పాస్తా ఉడుకుతుంది. ఒక నిమిషం ముందే తీసి, అర కప్పు పాస్తా నీళ్లతో సహా సాస్‌లోకి దించుతాను. ఆ నీళ్లలోని పిండి వల్ల సాస్ పాస్తాను వదలకుండా పట్టుకుంటుంది. పులుపు ఎక్కువనిపిస్తే చక్కెర కన్నా చిన్న వెన్న ముక్క మేలని నా అభిప్రాయం.

చికెన్ కీమాతోనూ చేశాను. కొవ్వు తక్కువ కాబట్టి నూనె ఒక చెంచా పెంచాలి, అయినా కాస్త పొడిపొడిగానే ఉంటుంది. పైగా లోపల 74 డిగ్రీలు దాటాలి, ఎర్ర మాంసం కీమాకైతే 71 చాలు.

మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. జిప్ కవర్లలో పల్చగా పరిచి ఫ్రీజ్ చేస్తే కరగడానికి ఎక్కువసేపు పట్టదు. ఈసారి సగం కీమాకు బదులు పుట్టగొడుగులు సన్నగా తరిగి వేయాలనుంది. వాటిలోనూ నీరే కాబట్టి, ముందు పొడి పాన్‌లో విడిగా వేయించి చూడాలి.