డ్రమ్ము తిరుగుతుంది, వేడి రాదు: పాత డ్రైయర్‌ని ఇంట్లోనే బాగుచేసుకున్నాను

మా పాత డ్రైయర్‌లో ఉన్నట్టుండి వేడి రావడం ఆగిపోయింది. డ్రమ్ము తిరుగుతుంది, టైమర్ నడుస్తుంది, చివర్లో బజర్ కూడా మోగుతుంది, తలుపు తీస్తే మాత్రం బట్టలు వేసినప్పుడు ఎంత తడిగా ఉన్నాయో అంతే తడిగా ఉంటాయి. అంతకు ముందు కొన్నాళ్ళుగా తువ్వాళ్ళు ఒక విడతలో ఆరడం లేదు, రెండోసారి వెయ్యాల్సి వస్తోంది, తిరిగేటప్పుడు కీచుమని చప్పుడు కూడా మొదలైంది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే "పాతదైపోయిందండీ, దీని మీద డబ్బు పెట్టడం దండగ, కొత్తది తీసుకోండి" అనేసి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మోటారు బాగా తిరుగుతున్న మెషీన్‌ని తుక్కుకి వేయడమేంటి? పైగా ఈ పాత రకం డ్రైయర్లలో ఉండేదంతా ఒక మోటారు, ఒక బెల్టు, ఒక ఫ్యాను, ఒక హీటింగ్ ఎలిమెంటు, అది మరీ వేడెక్కకుండా చూసే థర్మోస్టాట్లు, ఒక ఫ్యూజు, అంతే. ఓపిక ఉంటే ఒక్కొక్కటీ చెక్ చేసుకుంటూ పోవచ్చు.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. నాది కరెంటుతో నడిచే డ్రైయర్, తడి గాలిని గొట్టం ద్వారా బయటికి పంపేసే రకం. గ్యాసుతో నడిచేదైతే ఆ బర్నర్ జోలికి మనం వెళ్ళకూడదు, హీట్ పంప్ రకమైతే అందులో ఫ్రిజ్‌లో ఉన్నట్టే సీలు చేసిన గ్యాస్ ఉంటుంది, అదీ ఇంట్లో ముట్టుకునే పని కాదు. కరెంటు డ్రైయర్‌కైనా స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పూర్తిగా పీకేసి, ఆ ప్లగ్గు మన కళ్ళ ముందు కనబడేలా పెట్టుకుని అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టాలి. లోపలి రేకుల అంచులు బ్లేడులా కోస్తాయి కాబట్టి చేతులకి గట్టి గ్లవ్స్ కూడా ఉండాలి.

విప్పే ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, సెట్టింగు వేడి లేని చల్లగాలి మీద ఉండిపోయిందేమో చూడాలి. రెండోది, డ్రైయర్‌కి రెండు లైన్ల మీద 240 వోల్టులు ఇచ్చే ఇళ్ళలో ఒక లైను పోయినా మోటారు మామూలుగానే తిరగొచ్చు, వేడి ఒక్కటే రాదు, అలాంటప్పుడు తప్పు మెషీన్‌లో ఉండదు, ఇంటి కరెంటు బోర్డులోని బ్రేకర్‌లో ఉంటుంది. నా దగ్గర ఈ రెండూ కావు.

ఇక విప్పడం. తలుపు ఫ్రేము లోపల అంటించిన స్టిక్కరు మీద మోడల్ నంబరు ఉంటుంది, అది రాసుకుంటే పార్టులు వెతకడం సులువు. నా మెషీన్‌లో ఫిల్టర్ పెట్టే గాడి దగ్గర రెండు స్క్రూలు తీసి, మూలల్లో పలచటి బద్ద దూర్చి నొక్కితే పైమూత లేచింది, తర్వాత ముందు రేకు వచ్చింది. తలుపు స్విచ్‌కి వెళ్ళే వైర్లు ఆ రేకుకే ఉంటాయి, గబుక్కున లాగకూడదు. ఏ వైరు పీకే ముందైనా ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే మళ్ళీ బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు.

లోపల చూస్తే నాకు నోట మాట రాలేదు. మెషీన్ అడుగంతా బట్టల నుంచి రాలిన బూడిద రంగు నూగు, ఫ్యాను చుట్టూ ఉండే పెట్టెలో ఆ నూగే పొరలు పొరలుగా దిమ్మ కట్టి ఉంది, వేలితో పీకితే చిన్న చాప ముక్కలా మొత్తం ఒకేసారి ఊడొచ్చింది, దాని కింద ఒక హెయిర్‌పిన్ను, ఒక చొక్కా గుండీ. ఎలిమెంటు పక్కన ఉన్న నూగు కొసలైతే గోధుమ రంగుకి తిరిగాయి, అంటే కమలడం మొదలైందన్న మాట. అది చూశాక ఈ పనిని నేను తేలిగ్గా తీసుకోలేదు.

తర్వాత మల్టీమీటర్, అంటే కరెంటు దారి తెగిందో లేదో కొలిచి చూపించే చిన్న మీటరు. ఏ పార్టుని చెక్ చేసినా దానికున్న వైర్లలో కనీసం ఒకటి పీకేసి చూడాలి, లేకపోతే మీటరు ఇంకో దారిలో తిరిగొచ్చి పార్టు బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. ముందు ఎలిమెంటు. వోల్టులని వోల్టులతోనే గుణించి వాట్లతో భాగిస్తే ఎలిమెంటు కరెంటుకి ఎంత అడ్డుపడాలో, అంటే ఎన్ని ఓమ్‌లు ఉండాలో తెలుస్తుంది: 230 వోల్టుల మీద 2300 వాట్ల ఎలిమెంటైతే 23, అదే 240 వోల్టుల మీద 5400 వాట్లదైతే 10.7 దగ్గర్లో. నాది 2300 వాట్లది, లెక్కకి దగ్గరగానే చూపించింది. ఇక్కడ చాలామంది వదిలేసే చెక్ ఇంకోటుంది, ఎలిమెంటు కొస నుంచి దాని బయటి రేకుకి కంటిన్యుటీ, అంటే దారి కలిసి ఉందని మీటరు కొట్టే బీప్, రాకూడదు. వచ్చిందంటే లోపలి స్ప్రింగు తెగో, జారో రేకుకి తగులుతోందని అర్థం, అలాంటి ఎలిమెంటుని ఇక వాడకూడదు. నాదానిలో అదీ బాగానే ఉంది. థర్మోస్టాట్లు చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండాలి, కలిసే ఉన్నాయి. చివరికి ఎలిమెంటు పెట్టె మీద ఉన్న బొటనవేలంత థర్మల్ ఫ్యూజు దగ్గర మీటరు బీప్ కొట్టలేదు. దొరికింది! కొన్ని మెషీన్లలో ఈ ఫ్యూజు పోతే మోటారు కూడా స్టార్ట్ అవదు, నాదానిలో వేడి ఒక్కటే ఆగింది.

అందరూ ఆగిపోయేది ఇక్కడే. ఫ్యూజు పోయింది, కొత్తది వేద్దాం, పని అయిపోయింది అనుకుంటారు. కానీ ఈ ఫ్యూజు ముసలిదై పోవడం అరుదు, లోపల వేడి హద్దు దాటితే ఒకే ఒక్కసారి తెగి మెషీన్‌ని కాపాడటానికే దాన్ని పెట్టారు. అది తెగిందంటే లోపలి వేడి బయటికి పోవట్లేదని, లేదా వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ చల్లగా ఉన్నప్పుడు బాగానే కలిసి, వేడెక్కాక మాత్రం విడిపోవట్లేదని అర్థం. కారణం వదిలేసి కొత్త ఫ్యూజు వేస్తే అదీ తెగుతుంది. ఇంకొందరు ఆ రెండు వైర్లనీ కలిపేసి ఫ్యూజు లేకుండానే నడుపుతారు, దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు, కమిలిన ఆ నూగుని కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నేను అదే రేటింగు ఉన్న ఫ్యూజూ, దానితో పాటు ఎలిమెంటు పక్కనుండే థర్మోస్టాటూ కలిపి కొత్తవి తెప్పించాను, చాలా మోడళ్ళకి ఈ రెండూ జతగానే అమ్ముతారు.

ఎలాగూ విప్పాం కదా అని కీచు చప్పుడు సంగతి కూడా చూద్దామనుకున్నాను. డ్రమ్ము బయటికి తీస్తే బెల్టు లోపలి వైపు అడ్డంగా సన్నటి పగుళ్ళు, ఒక అంచు పీచులు లేచి ఉంది. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే చిన్న పుల్లీ తిప్పితే గరగరమంది. అదే అసలు చప్పుడు. బెల్టూ పుల్లీ రెండూ మార్చాను. కొత్త బెల్టు ఎక్కించడానికి రెండు చేతులు చాలవు, తమ్ముణ్ణి పిలిచి డ్రమ్ము ఎత్తి పట్టుకోమన్నాను. "అన్నయ్యా, బరువుగా ఉంది, తొందరగా కానియ్" అంటుంటే కింద పడుకుని చెయ్యి లోపలికి పెట్టి, బెల్టు గాళ్ళున్న వైపు డ్రమ్ముకి ఆనేలా చూసుకుని, పుల్లీ కింద నుంచి వంపు తిప్పి మోటారు ఇరుసుకి తగిలించాను. తగిలించాక డ్రమ్ముని చేత్తో నాలుగు చుట్లు తిప్పితే బెల్టు తన చోట తనే సర్దుకుంటుంది, ఆ తర్వాతే ముందు రేకు పెట్టాలి.

ఇక అసలు దోషి, వెనకాల గొట్టం. పలచటి ఫాయిల్‌తో చేసిన ముడతల గొట్టం అది, మెషీన్‌కీ గోడకీ మధ్య నలిగి దాదాపు చదునైపోయింది, ఆ ముడతల నిండా తడి నూగు. గాలి బయటికి పోయే చోట గోడకున్న రెక్క కూడా నూగుతో బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. తువ్వాళ్ళు ఆరకపోవడం, ఫ్యూజు తెగడం రెండూ దీనివల్లే. డ్రైయర్ వేడితో ఆరబెడుతుందని అనుకుంటాం గానీ ఆ తడిని మోసుకెళ్ళేది గాలి, గాలి కదలకపోతే ఎంత వేడి ఉన్నా బట్టలు ఉడుకుతాయే తప్ప ఆరవు. ఆ ఫాయిల్ గొట్టం తీసి పారేసి, లోపల నున్నగా ఉండే గట్టి మెటల్ గొట్టం వేశాను, వంపులు వీలైనంత తగ్గించాను. అతుకులకి లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలు వాడలేదు, వాటి మొనలకే నూగు చిక్కుకుంటుంది, అందుకే అల్యూమినియం ఫాయిల్ టేపు చుట్టాను. గుడ్డ పొర ఉండే మామూలు డక్ట్ టేపు వేడికి కొన్నాళ్ళకే ఊడిపోతుంది.

అన్నీ బిగించాక ముందు వేడి లేకుండా నడిపి, బయటికెళ్ళి రెక్క పూర్తిగా లేస్తోందో లేదో చూశాను. లేచింది, చెయ్యి పెడితే గాలి గట్టిగా తగిలింది. అప్పుడు వేడి పెట్టి, మొదటి విడత అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను, వేడి కాసేపు ఎక్కడం, థర్మోస్టాట్ కట్ చేయడం, మళ్ళీ రావడం తెలుస్తూనే ఉంది. తువ్వాళ్ళు ఒక్క విడతలోనే ఆరిపోయాయి. కొత్తది కొనమన్న మెషీనే ఇది!

ఇంకో చిన్న సంగతి. మెత్తదనం కోసం డ్రైయర్‌లో వేసే షీట్లు వాడేవాళ్ళు ఫిల్టర్ జాలీని కుళాయి కింద పట్టి చూడండి. నూగు తీసేశాక పైకి శుభ్రంగానే కనిపిస్తుంది గానీ నీళ్ళు కిందికి దిగకుండా జాలీ మీదే నిలిస్తే, కంటికి కనబడని జిడ్డు పొర ఉన్నట్టే. వేడి నీళ్ళు, సబ్బు, మెత్తటి బ్రష్షుతో అది పోతుంది, పూర్తిగా ఆరాకే మళ్ళీ పెట్టాలి.

డ్రమ్ముని వెనక నుంచి మోసే రోలర్లలో ఒకటి కాస్త ఊగుతోంది, ఇప్పటికి చప్పుడేమీ లేదు గానీ దానికీ పార్టు చెప్పాను, రాగానే ఇంకోసారి విప్పుతాను.