పాముల పుట్ట

రేడియో ఏరియల్ తీగ పీకేశా. అయినా బుస తగ్గలేదు.

వంటింట్లోంచి అమ్మ: "ఏంట్రా ఆ బుసలు, పుట్టలో గానీ చెయ్యి పెట్టావా?"

పెట్టినట్టే. హామ్ రేడియో (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) వాడే 40 మీటర్ల బ్యాండు వినడం కోసం నేను కట్టుకున్న చిన్న రిసీవరు. ఏరియల్ లేకపోయినా అంత గోలంటే దోషం ఆకాశానిది కాదు, నా బోర్డుదే. వారం నుంచీ ఎదురింటి ఎల్‌ఈడీ బల్బుల్ని తిట్టుకుంటున్నా, పాపం.

బుస కింద ఇంకో గుయ్‌మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫయర్ దాటితే ఆ మోత 100. పాత ఎలిమినేటర్ (కరెంటు అడాప్టరు) తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టా. గుయ్ మాయం. ఆ మోతని వడకట్టేలా మొదటి ట్రాన్సిస్టరుకి వెళ్లే సప్లైలో 100 ఓమ్‌ల రెసిస్టరు, దాని తర్వాత గ్రౌండుకి 100 మైక్రోఫారడ్ కెపాసిటరు వేశాక ఎలిమినేటర్‌తోనూ బాగానే ఉంది.

మిగిలింది బుస. శబ్దాన్ని పెంచే ఎల్ఎం386 చిప్పుని 200 రెట్లకి పెట్టి, ముందున్న ట్రాన్సిస్టరుని బద్ధకంగా వదిలేశా. తలకిందుల పని! మొదట్లోనే సిగ్నల్ బలంగా లేకపోతే, చిప్పు తన సొంత బుసనే పెంచి పోషిస్తుంది. 1, 8 కాళ్ల మధ్య కెపాసిటరు పీకితే చిప్పు 20కి దిగింది. ఆ లోటు ముందు ట్రాన్సిస్టరుతో పూడ్చా.

ఏరియల్ మళ్లీ తగిలించా. ఎక్కణ్ణుంచో సన్నగా మోర్స్ కోడ్ బీప్‌లు.

"ఇప్పుడు పిట్ట కూస్తోందేంట్రా?"