ఫిట్స్ రావట్లేదు కదా, ఇంకేం కావాలి?

పద్నాలుగు నెలల పాటు నాకు ఒక్క ఫిట్సూ రాలేదు. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారి ప్రశ్న ఒకటే, నా జవాబూ ఒకటే. "మళ్లీ ఏమైనా వచ్చాయా అమ్మా?" "లేదండీ." "చాలా మంచిది, అదే డోసు వేసుకోండి." అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేసేదాన్ని. ఇంట్లోవాళ్ల సంతోషం చూశాక మిగతా మాట నోట్లోంచి వచ్చేది కాదు.

ఆ మిగతా మాట ఏంటంటే, నేను నాలా లేను.

నాకున్నది ఫోకల్ ఎపిలెప్సీ, అంటే మెదడులో ఒకచోట మొదలయ్యే మూర్ఛ. కణత వైపు ఉండే టెంపొరల్ లోబ్ అనే భాగంలో మొదలవుతోందని ఈఈజీలో, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్షలో తేలింది. ముందు కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నుకొస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు నాకేం తెలియదు. చేత్తో బట్టలు నలుపుతూ, పెదాలు చప్పరిస్తూ కూర్చున్నానని పక్కవాళ్లు చెబితేనే తెలుస్తుంది. లెవెటిరాసిటామ్ అనే మూర్ఛ మందు డోసు పూటకి 1000 మిల్లీగ్రాములకి చేరాక ఇవన్నీ ఆగిపోయాయి. ఆ మందుని తిట్టడానికి ఇది రాయట్లేదు. చాలామందికి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. కొందరికి మాత్రం చిరాకు, కోపం, దిగులు తెచ్చిపెడుతుంది. నేను ఆ కొందరిలో ఉన్నానని తెలియడానికి ఏడాది పైనే పట్టింది.

ఒక సాయంత్రం పాప పెన్సిల్ చెక్కుకుంటూ పొట్టు నేలంతా పోసింది. అంతే. నేను అరిచిన అరుపుకి దాని చేతిలోంచి షార్పెనర్ జారిపడింది. అది ఏడవలేదు. వంగి, ఒక్కో తునకనీ వేలికొసతో అద్ది ఏరి, అరచేతిలో పోగేసుకుంది. మధ్యమధ్యలో తలెత్తి నా ముఖం చూసింది, కోపం తగ్గిందా లేదా అని. ఆ రాత్రి మాత్ర మానేద్దామా అన్న ఆలోచన వచ్చింది నాకు. మానలేదు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వరుసగా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చని మొదటి రోజే చెప్పారు. ఆ ఒక్క హెచ్చరిక గుర్తుండటం నా అదృష్టం.

తర్వాతి చెకప్‌లో ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మూర్ఛకి మందులు వాడేవాళ్ల జీవితం ఎలా ఉంటోందో ఒక పరిశోధన చేస్తున్నామంది. మొదట ఒకసారి, సంవత్సరంలోపు మరో మూడుసార్లు ఫారం నింపాలట. కొత్త మందేమైనా నామీద ప్రయోగిస్తారా అని అడిగాను. లేదు, ఏ మందు వాడాలన్నది మీరూ డాక్టరుగారూ మామూలుగానే నిర్ణయించుకుంటారు, మేం రాసుకుంటామంతే అంది. పేరు బదులు ఒక నంబరు. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా వైద్యంలో తేడా ఉండదు. కన్సెంట్ ఫారం నాలుగు పేజీలూ నాతో చదివించి, అర్థమైందో లేదో అడిగి, అప్పుడు సంతకం పెట్టించుకుంది. ఆ అమ్మాయి తొందరపెట్టకపోవడం నాకు ఇప్పటికీ గుర్తే.

నింపాల్సిన ఫారం పేరు క్యూఓఎల్‌ఐఈ-31, మూర్ఛ ఉన్నవాళ్ల బతుకు ఎంత బాగుందో కొలిచేది. మొత్తం 31 ప్రశ్నలు. ఫిట్స్ వస్తాయేమోనన్న భయం, మనసు, ఓపిక, జ్ఞాపకశక్తి, మందుల ప్రభావం, నలుగురితో మెలగడం, మొత్తంగా బతుకు ఎలా ఉంది, ఈ ఏడు భాగాలకీ సున్నా నుంచి 100 దాకా మార్కులు. ఎక్కువొస్తే మంచిదని. చాలా ప్రశ్నలు గత నాలుగు వారాల గురించి. గత నాలుగు వారాల్లో ఎంతసేపు ప్రశాంతంగా ఉన్నారు? ఎంతసేపు కుంగిపోయి ఉన్నారు? పెన్ను అక్కడ ఆగిపోయింది. పద్నాలుగు నెలల్లో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "ఎప్పుడూ" అన్న గడిలో టిక్కు పెడుతుంటే అక్షరాలు మసకబారాయి.

దాంతోపాటు 19 ఇబ్బందుల చిట్టా ఇంకొకటి ఇచ్చారు. తల తిరగడం, మత్తు, చిరాకు, చర్మం మీద దద్దుర్లు, ఇలా ఒక్కోదానికీ ఎంత తరచుగా వస్తోందో గుర్తు పెట్టాలి. ఇలాంటి చిట్టాతో 2004లో ఒక అధ్యయనం వచ్చింది. రోగులు నింపిన కాగితాన్ని కొందరు డాక్టర్లకి చూపించారు, కొందరికి చూపించలేదు. చూసిన డాక్టర్ల దగ్గర రోగుల ఇబ్బందులు బాగా తగ్గాయి. నా విషయంలోనూ సరిగ్గా అదే జరిగింది. డాక్టరుగారు కాగితం చూసి కళ్లద్దాలు తీశారు. "ఇంత ఉంటే చెప్పలేదేంటమ్మా?" అన్నారు. "మీరు ఫిట్స్ గురించే అడిగారండీ" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదాయన. ఆ రోజు నలభై నిమిషాలు నా మాటే విన్నారు.

మందు మార్చాలంటే నాకు భయం. నా భయం ఉత్తదేం కాదు. 2000లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 525 మందిని చూస్తే, మొదటిసారి మందు మొదలుపెట్టినవాళ్లలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. రెండో మందుతో ఆగినవాళ్లు 13 శాతమే. ఈ లెక్కలు ముందే చదివి ఉన్నాను, అందుకే చేతిలో ఉన్నది వదులుకోవడానికి వణికాను. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మొదటి మందు పనిచేయక రెండోదానికి వెళ్లడం వేరు, పనిచేసినా మనసుకి పడక మారడం వేరు. రెండోవాళ్లకి ఆశ ఎక్కువే, కానీ గ్యారంటీ మాత్రం ఇవ్వలేనన్నారు. ఆ నిజాయితీ వల్లే ఒప్పుకున్నాను.

కొత్త మందు లామోట్రిజిన్. దీన్ని పాకించినట్టు పెంచాలి. తొందరపడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ప్రాణాంతకం కావచ్చు. నాకు మొదటి రెండు వారాలు రోజుకి 25 మిల్లీగ్రాములు, తర్వాత రెండు వారాలు 50, ఆ పైన మెల్లగా. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో మూర్ఛ మందు వాడేవాళ్లకి ఇంకా తక్కువతో మొదలుపెడతారు, ఎందుకంటే అది లామోట్రిజిన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. అందుకని నా లెక్క ఇంకొకరు పట్టుకోకూడదు. ఏ మాత్ర ఎన్ని, ఏ పూట అన్నది మా ఆయన పెద్ద కాగితం మీద గళ్లు గీసి బీరువా తలుపుకి అంటించారు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి మెడ, చేతులు, నోటి లోపల చూసుకోవడం రోజూ ఒక పని అయింది. కొత్తది కాస్త నిలదొక్కుకున్నాక పాతది తగ్గించడం మొదలుపెట్టాం.

పదకొండో వారంలో వచ్చింది. గిన్నె చేతిలో ఉండగా కడుపులోంచి ఆ పాత కెరటం లేచింది. గిన్నె కింద పెట్టడం వరకే తెలుసు. డైరీలో మా ఆయన రాసింది: "సాయంత్రం 6.20. ఒక నిమిషం 40 సెకన్లు. ఎడమ చెయ్యి కొంగు నలిపింది. తర్వాత పావుగంట అయోమయం." ఫిట్స్ లేని నెలల లెక్క మళ్లీ సున్నా అయింది. అంత ఏడుపు నేనెప్పుడూ ఏడవలేదు. వెనక్కి వెళ్లిపోదామన్నాను డాక్టరుగారితో. ఆయన కొత్తదాని డోసు కాస్త పెంచి, ఇంకో నెల చూద్దామన్నారు. ఆ నెల ఒంటరిగా మెట్లు దిగలేదు నేను.

మూడు నెలల ఫారం సరిగ్గా ఆ తర్వాతే పడింది. భయం మార్కులు పాతాళానికి పోయాయి. మనసు మార్కులు మాత్రం అప్పటికే పైకి లేచాయి. ఆరు నెలలకి పాత మందు పూర్తిగా ఆగిపోయింది, ఆ ఒక్కదాని తర్వాత ఇంతవరకూ ఫిట్స్ రాలేదు. కోపం పోయింది. ఎంతలా అంటే, ఒకరోజు పాలు పొంగిపోతే తుడుచుకుని వచ్చేశాను, అరవలేదన్న సంగతి గంట తర్వాత గుర్తొచ్చింది. మతిమరుపు అలాగే ఉంది. తెలిసినవాళ్ల పేర్లు నాలుక చివర ఆగిపోతాయి. అది మందు వల్ల కాదు, టెంపొరల్ లోబ్ జబ్బుతో వచ్చేదేనట.

ఒక్క మాట మాత్రం ఆ అమ్మాయితో గట్టిగా చెప్పాను. ఆ ఫారంలో మొత్తం మార్కు కట్టేటప్పుడు జ్ఞాపకశక్తి, ఆలోచనల భాగానికి 27 శాతం విలువ, మందుల ప్రభావానికి 3 శాతమే. నా బతుకుని తలకిందులు చేసింది మాత్రే కదా, 3 శాతమేంటని అడిగాను. మందు చేసిన చెడు మనసు మార్కుల్లో, ఓపిక మార్కుల్లో కూడా కనబడుతుందండీ అని వివరించింది. సగమే ఒప్పుకున్నాను. ఇంట్లోవాళ్లు పడ్డదానికి అసలు గడే లేదు.

వచ్చే వారం సంవత్సరం ఫారం. పక్కన ఖాళీలో ఏమైనా రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగాను. మార్కుల్లోకి రాదు గానీ విడిగా ఎక్కించుకుంటామంది. ఏం రాయాలో ఇప్పుడే అనుకుని పెట్టుకున్నాను. "మా పాప ఏదైనా ఒలకబోసినప్పుడు నా ముఖం వైపు చూడటం మానేసింది."