పార్టీకి కర్రీ పఫ్‌లు

పఫ్ అడుగు మెత్తబడిందంటే కూరలో తడి మిగిలిందనే. ఉల్లిపాయ, ఆలూ, బఠాణీ మసాలా బాగా ఇగిరి ముద్దయ్యాకే దించాలి. పూర్తిగా చల్లారాలి కూడా. గోరువెచ్చగా పెట్టినా పఫ్ పేస్ట్రీ షీట్ (పొరల మధ్య వెన్న పెట్టి ఒత్తిన మైదా పిండి) లోని వెన్న కరిగి పొరలు అతుక్కుపోతాయి.

ఫ్రోజెన్ షీట్‌ని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చండి. 10 సెంటీమీటర్ల చదరాలు, ఒక్కోదానికి పెద్ద చెంచాడు కూర. ఆశకొద్దీ కుక్కితే అంచు విడిపోతుంది. కత్తి లాగకుండా పైనుంచి నొక్కి కోయండి. అంచుల లోపలివైపు నీళ్లు అద్ది మూయాలి. గుడ్డుసొన పైన మాత్రమే! కోసిన అంచు మీదకు కారిందా, అక్కడ పొరలు లేవవు.

ట్రేని 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, 200 డిగ్రీలకు కాగిన ఓవెన్‌లో 20-25 నిమిషాలు. లేత రంగుకే తీయకండి, లోపల పచ్చిగా ఉంటుంది.